దాచమని ఇచ్చిన జీడి పిక్కలు చెప్పకుండా అమ్మేస్తే

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. మే నెలలో మా తోట పిక్కలు 42 బస్తాలు, బస్తా 80 కిలోల లెక్కన, కాశీబుగ్గలో ఒక వ్యాపారి గొడౌనులో పెట్టాం. ఆయన మా ఆయనకి మేనమామ వరస. ధర పెరిగాక అమ్ముకుందామనుకున్నాం. ఆయన కాగితం మీద ‘42 బ. పిక్కలు నిల్వ’ అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చారు. జూన్‌లో పిల్లల ఫీజులకి ఆయన దగ్గరే 60 వేలు తీసుకున్నాం. నవంబరులో బస్తా 14,500 పలుకుతోందని సరుకు తెచ్చుకోవడానికి వెళితే గొడౌను ఖాళీ. ఆగస్టులోనే బస్తా 12 వేలకి ఒక ఫ్యాక్టరీకి అమ్మేశానన్నారు. రెండు బస్తాలు తరుగు, అప్పు 60 వేలు, గొడౌను అద్దె 20 వేలు పోను నాలుగు లక్షలు ఇస్తానంటున్నారు. అద్దె మాట మే నెలలో ఎవరూ ఎత్తలేదు. అమ్మమని మేం చెప్పలేదు, అమ్ముతున్నానని ఆయనా చెప్పలేదు. చుట్టరికం కాబట్టి పోలీసుల దాకా వెళ్లాలని లేదు. మాకు రావలసింది ఎంత? ఫ్యాక్టరీని అడగవచ్చా? ఎప్పటిలోగా అడగాలి?

సమాధానం: అమ్మా, ఆ నాలుగు లక్షలు పుచ్చుకుని ‘లెక్క చెల్లు’ అని మాత్రం సంతకం పెట్టకండి. కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ప్రకారం, రావలసిన దానికంటే తక్కువకి ఒప్పుకుని చెల్లు రాసిస్తే మిగతాది వదులుకున్నట్టే. డబ్బు అవసరమై తీసుకోక తప్పకపోతే, రసీదులో ‘42 బస్తాల పిక్కల విషయంలో నాకు రావలసిన మొత్తంలో కొంత భాగంగా’ అని రాసి తీసుకోండి. ఆ కాగితం మీద ఆయన సంతకం కూడా ఉంటే, మీకు ఇంకా ఇవ్వవలసింది ఉందని ఆయన రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఇక అసలు విషయం. మే నెలలో ఆ బస్తాలు దించిన రోజున వాటిని దాచమని ఇచ్చారా, లేక ధర తర్వాత కట్టుకుందామని ఆయనకి ఇచ్చేశారా? మీ హక్కులన్నీ ఈ ప్రశ్నకి వచ్చే జవాబును బట్టే ఉంటాయి. పంట వ్యాపారంలో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి: బస్తాలు దిగుతాయి, చీటీ రాస్తారు, డబ్బు తర్వాత. చట్టం దృష్టిలో మాత్రం రెండింటికీ చాలా దూరం. దాచమని ఇచ్చిన సరుకు మీ సొత్తుగానే ఉంటుంది. దాన్ని అమ్మితే ఆయన అమ్మింది మీ ఆస్తిని. ధర తర్వాత కట్టుకుందామని ఇచ్చేస్తే సరుకు ఆ రోజే ఆయనదైపోతుంది, మీకు మిగిలేది బాకీ మాత్రమే.

1869లో దక్షిణ ఆస్ట్రేలియా నుంచి ప్రివీ కౌన్సిల్‌కి (బ్రిటిష్ వలసల కేసుల్లో ఆఖరి అప్పీలు కోర్టు) వెళ్లిన కేసు ఇలాంటిదే. రైతులు గోధుమలు మిల్లరుకి అప్పగించేవారు. ఆయన అందరి గోధుమలూ ఒకే రాశిలో కలిపి తన ఇష్టం వచ్చినప్పుడు ఆడించుకునేవాడు, అమ్ముకునేవాడు. రైతు ఎప్పుడు వచ్చి అడిగినా అంతే గోధుమ గానీ ఆనాటి ధర గానీ ఇచ్చేవాడు. మిల్లు కాలిపోయాక, ఆ గోధుమలు మిల్లరువా రైతులవా అని భీమా కంపెనీతో వివాదం వచ్చింది. అప్పగించిన క్షణమే అవి మిల్లరువి అయిపోయాయని, అది అమ్మకమేనని తీర్పు వచ్చింది. మీ ఆయన మేనమామగారి తరఫు వకీలు మొట్టమొదట పట్టుకునేది ఈ వాదననే. ‘వాళ్లు మాకు అమ్మారు, ధర ఆగస్టులో కట్టాం’ అంటారు.

దానికి ఎదురు మీ చీటీలో ఉన్న ‘నిల్వ’ అనే మాట. ఆ కాగితాన్ని ఎవరి చేతికీ ఇవ్వకండి. రెండు వైపులా ఫోటో తీయించి, జిరాక్సులు తీసి, అసలుది ఇంట్లో భద్రం చేయండి. ఆ మాటకి బలం చేకూర్చేవి ఇంకా ఉన్నాయి. మీ బస్తాలు విడిగా పేర్చి ఉంచారా, లేక అందరి సరుకులో కుమ్మరించారా? గోనెల మీద మీ గుర్తు, రంగు ముడి ఏమైనా వేశారా? దించిన కూలీలు ఎవరు? కాటా వేసిన చీటీ ఉందా? వీటన్నిటికీ జవాబులు తేదీలతో సహా ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఏడాది గడిస్తే ఏ కూలీకీ ఏ లోడు ఎవరిదో గుర్తుండదు.

జీఎస్టీ వైపు నుంచి కూడా ఒక ఆధారం ఉంది. పెంకుతో ఉన్న జీడి పిక్కల్ని రైతు దగ్గర కొన్న రిజిస్టర్డ్ వ్యాపారి ఆ పన్నుని రివర్స్ ఛార్జ్ కింద, అంటే అమ్మినవారికి బదులు, తానే కట్టాలి, ఆ కొనుగోలుకి బిల్లు కూడా తానే రాసుకోవాలి. మే నెలలో మీ దగ్గర కొన్నానని ఆయన అంటే, మే నెల లెక్కల్లో మీ పేరున ఆ బిల్లు ఎక్కడ అని అడగండి. అది లేకపోతే, నిల్వకి పెట్టారనే మీ మాటకి ఆయన పుస్తకాలే సాక్ష్యం చెబుతాయి. ఫ్యాక్టరీకి పంపినప్పుడు సరుకు విలువ 50 వేలు దాటి ఉంటుంది కాబట్టి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) పుట్టి ఉండాలి. అమ్మిన తేదీ, బరువు, ధర ఏమిటో అక్కడ తేలుతుంది. ఆగస్టు, 12 వేలు అన్నవి ప్రస్తుతానికి ఆయన నోటి మాటలే, వాటిని రుజువైనట్టు తీసుకోకండి.

మీ కథలో బలహీనమైన చోటు ఆ 60 వేలు. అది చేబదులా, సరుకు మీద అడ్వాన్సా? ఆయన పుస్తకంలో ‘పిక్కల అడ్వాన్సు’ అని రాసుకుని, మీరు పక్కన సంతకం పెట్టి ఉంటే, అది ధరలో కొంత ముందుగా ఇచ్చినట్టు, అంటే అమ్మకం జరిగినట్టు చూపించడానికి పనికొస్తుంది. చేబదులే అయితే నోటీసులో ఆ మాటే రాయండి, బాకీ ఉన్నామని దాచకుండా ఒప్పుకోండి. దాన్ని దాచిపెట్టిన వారి మిగతా మాటలని కూడా కోర్టు నమ్మదు.

‘మా బాకీ ఉంది కాబట్టి సరుకు అమ్ముకున్నాం’ అనే వాదన చట్టం ముందు నిలవదు. పిక్కల్ని తాకట్టుగానే పెట్టారని అనుకున్నా, కాంట్రాక్టు చట్టం 176వ సెక్షన్ ప్రకారం బాకీ గడువు తప్పాక, అమ్మబోతున్నానని తగినంత ముందుగా నోటీసు ఇచ్చి అమ్మాలి, బాకీ పోగా మిగిలింది తిరిగి ఇవ్వాలి. నోటీసు లేని అమ్మకం తప్పే. అద్దె సంగతీ అంతే. 170వ సెక్షన్ కింద సరుకుని పట్టి ఉంచుకునే హక్కు, ఆ సరుకు మీద శ్రమో నైపుణ్యమో పెట్టి పని చేసిన వాడికి ఉంటుంది. ఉత్తినే గొడౌనులో ఉంచినంత మాత్రాన రాదు. 171వ సెక్షన్‌లోని విస్తృతమైన హక్కు బ్యాంకర్లు, కమీషన్ మీద సరుకు అమ్మే ఏజెంట్ల వంటి కొద్దిమందికే, తక్కిన వారికి స్పష్టమైన ఒప్పందం ఉండాలి. అది ఉన్నా పట్టి ఉంచుకోవచ్చు గానీ, ఆ హక్కుతో అమ్మేయడం కుదరదు. మాట్లాడుకోని అద్దెని ఇప్పుడు 20 వేలని ఆయన ఒక్కరే నిర్ణయించడం కూడా చెల్లదు.

తరుగు గురించి. సరిగా ఎండని పిక్కలు నిల్వలో బరువు తగ్గుతాయి, అది నిజమే. కానీ 42లో రెండు బస్తాలంటే నూటికి దాదాపు ఐదు. పచ్చి తగ్గేదాకా ఎండబెట్టి కట్టిన పిక్కలకి మూడు నెలల్లో అంత తరుగంటే అనుమానించవలసిందే. అప్పగింత రోజున ఎంత తూగింది, అమ్మిన రోజున ఎంత తూగింది అన్న రెండు కాటా చీటీలు చూపించవలసింది సరుకు ఉంచుకున్నాయన. చెమ్మ పట్టిందనో, పురుగు పట్టిందనో అంటే, 151వ సెక్షన్ ప్రకారం తన సొంత సరుకుని మామూలు మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకున్నానని ఆయనే నిరూపించాలి.

ఇప్పుడు చట్టం దీన్ని ఏ తప్పుగా చూస్తుందో చెబుతాను. ఇంకొకరి వస్తువుని, వారి హక్కుకి విరుద్ధంగా, తనదే అన్నట్టు వాడుకోవడం, అమ్మడం, ధ్వంసం చేయడం, అడిగినా ఇవ్వకపోవడం సివిల్ తప్పిదం. దొంగబుద్ధి ఉండాలన్న నియమం లేదు. ‘మంచి ధర వచ్చింది, మీ మేలు కోరే అమ్మాను’ అన్నా బాధ్యత తప్పదు. అలాగని సరుకు ముట్టుకున్న ప్రతిసారీ ఇది వర్తించదు. 1841లో ఇంగ్లండులో ఒక పడవవాడు ప్రయాణికుడితో తగువుపడి అతని గుర్రాల్ని ఒడ్డున దింపేశాడు. గుర్రాలు యజమానివి కావని పడవవాడు అనలేదు కాబట్టి అది ఈ తప్పు కాదన్నారు. మీ బస్తాల్ని వాన కురుస్తోందని పక్క గొడౌనుకి మార్చి ఉంటే మీకు దావా లేదు. అమ్మేశారు కాబట్టి ఉంది. ‘తడిసి పాడవుతాయని భయపడి అమ్మాను’ అంటే, ఫోన్ చేసి ఎందుకు అడగలేదన్నదే దానికి జవాబు.

ఎంత రావాలి? అమ్మేసిన కేసుల్లో సాధారణంగా ఆ రోజు బజారు ధర కడతారు. ఆయన చెప్పిన 12 వేలే నిజమనుకుంటే 42 బస్తాలకి 5,04,000. మీ బాకీ 60 వేలు తీస్తే 4,44,000. ఇది కనీసపు లెక్క. అంటే ఆయన ఇస్తానన్న నాలుగు లక్షల దగ్గరే మీకు 44 వేలు కోత పడుతోంది. నవంబరు ధర 14,500 చొప్పున అయితే 6,09,000, బాకీ పోగా 5,49,000. ఈ రెండు అంకెల మధ్య తేడా 1,05,000. మీ పోరాటమంతా దీని గురించే.

ఎక్కువ అంకె రావడానికి దారి ఉంది. దావాలో కేవలం నష్టపరిహారం అడగకుండా, ‘నా సరుకు నాకు తిప్పి ఇవ్వాలి, ఇవ్వలేకపోతే దాని విలువ ఇవ్వాలి’ అని అడగాలి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 1963లోని 7, 8 సెక్షన్లు వస్తువు తిరిగి రాబట్టుకోవడం గురించి చెబుతాయి. అలాంటి డిక్రీ (కోర్టు తీర్పు మేరకు ఇచ్చే ఉత్తర్వు) ఇచ్చేటప్పుడు, వస్తువు దొరక్కపోతే ఎంత డబ్బు ఇవ్వాలో కూడా రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 20 రూల్ 10 చెబుతోంది. వస్తువు తిప్పి ఇవ్వకుండా పట్టి ఉంచడం రోజూ కొనసాగే తప్పు కాబట్టి విలువని తర్వాతి తేదీన కట్టే అవకాశం ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం మీద రెండు లారీల కోసం నడిచిన ధ్యాన్ సింగ్ శోభా సింగ్ కేసులో 1958లో సుప్రీంకోర్టు ఈ రెండు రకాల దావాల తేడాని చర్చించింది. మీ వకీలుకి ఆ పేరు చెప్పండి.

ధర పెరుగుదల విషయంలో జాగ్రత్త ఒకటి ఉంది. 1948లో ఇంగ్లండులో తేలిన ఒక కేసులో, ఒకాయన సామాను స్నేహితుల ఇంట్లో ఉంచి వెళ్లాడు. వాళ్లు ఉత్తరాలు రాసి, జవాబు రాక, అమ్మేశారు. యుద్ధకాలంలో ధరలు బాగా పెరిగాక ఆయన వచ్చి అడిగాడు. పెరిగిన ధర ఆయనకి దక్కాలా లేదా అన్నది, ఆ ఉత్తరాలు అందాయా, అమ్మకం గురించి ఆయనకి ముందే తెలిసిందా అన్న దాని మీద ఆధారపడుతుందని కోర్టు అంది. మీ విషయంలోనూ అంతే. ఆగస్టుకి ముందు గానీ తర్వాత గానీ ఆయన మీకూ మీ ఆయనకీ ఫోన్ చేసి ‘అమ్మేస్తాను’, ‘అమ్మేశాను’ అన్నారా? అలాంటి మాట ఏదైనా ఉంటే వకీలు దగ్గర దాచకండి. ఎదుటి పక్షం కోర్టులో చెబితే అప్పుడు సర్దుకోవడం కష్టం.

ధర నిరూపించే భారం మీదే. ఆగస్టులో, నవంబరులో మీ ఊరివాళ్లు అమ్మిన చీటీలు, ఆ రోజుల పత్రికల్లో వచ్చిన పలాస ధరలు సేకరించండి. మీ పిక్కల రకం ఏమిటో ఆయన చెప్పకపోతే, పుస్తకాలు దాచిపెడితే, ఆ దాపరికం ఆయనకే నష్టం. 1722లో లండన్‌లో చిమ్నీలు తుడిచే ఒక కుర్రవాడికి రాళ్లు పొదిగిన నగ దొరికింది. కంసాలి దగ్గరికి తీసుకెళితే రాళ్లు తీసేసుకుని ఉత్త చట్రం ఇచ్చారు. ఆ రాళ్లు కోర్టులో చూపించకపోతే అవి మేలిరకమే అనుకుని విలువ కట్టమని న్యాయమూర్తి జ్యూరీకి చెప్పారు. మన సాక్ష్య చట్టంలో కూడా, చేతిలో ఉన్న సాక్ష్యాన్ని బయటపెట్టకపోతే అది తనకి వ్యతిరేకంగా ఉందనుకోవచ్చన్న సూత్రం ఉంది. అందుకే నోటీసులోనే మే నుంచి నవంబరు దాకా స్టాకు పుస్తకం, అమ్మకపు బిల్లులు చూపించమని అడగాలి.

ఫ్యాక్టరీ సంగతి. సరుకుల విక్రయ చట్టం 1930లో 27వ సెక్షన్ ప్రకారం తనది కాని సరుకుని అమ్మినవాడు కొన్నవాడికి హక్కు ఇవ్వలేడు. అమాయకంగా కొన్నా బాధ్యత ఉండవచ్చు. 1875లో లివర్‌పూల్ పత్తి బ్రోకర్లు ఒక మోసగాడి నుంచి 13 బేళ్లు మంచి నమ్మకంతోనే కొని మరొకరికి ఇచ్చేసినా అసలు యజమానికి విలువ కట్టవలసి వచ్చింది. కానీ అదే 27వ సెక్షన్‌లో మినహాయింపు ఒకటి ఉంది. ఇతరుల సరుకు అమ్మిపెట్టడమే వృత్తిగా ఉన్న వ్యాపారి చేతికి యజమాని ఇష్టపడి సరుకు అప్పగిస్తే, మామూలు వ్యాపార పద్ధతిలో, నమ్మకంతో కొన్నవాడికి రక్షణ ఉంటుంది. మీ బంధువు కమీషన్ వ్యాపారం కూడా చేస్తుంటే ఫ్యాక్టరీ ఈ మినహాయింపుని చూపిస్తుంది. పిక్కలు ఈపాటికి పప్పై వెళ్లిపోయి ఉంటాయి కూడా. నా అభిప్రాయంలో ఫ్యాక్టరీని ప్రతివాదిగా లాగి కేసు బరువు పెంచుకోవడం కంటే, కొన్న తేదీ, బరువు, ధర తెలపమని మర్యాదగా ఒక ఉత్తరం రాయడం మేలు. ఇవ్వకపోతే తర్వాత కోర్టు ద్వారా సమను పంపి తెప్పించవచ్చు.

గడువు మూడేళ్లు. లిమిటేషన్ చట్టం 1963లో నిల్వకి ఇచ్చిన వస్తువు తిరిగి ఇమ్మని వేసే దావాకి, అడిగిన తర్వాత కాదన్న రోజు నుంచి లెక్క (70వ ఆర్టికల్). సొంతానికి వాడుకున్న వస్తువుకి పరిహారం కోరే దావాకి, అది ఎవరి దగ్గర ఉందో మొదట తెలిసిన రోజు నుంచి (91వ ఆర్టికల్). కోర్టు దీన్ని అమ్మకంగా తీసుకుంటే మాత్రం, గడువు చెప్పని అరువు అమ్మకానికి సరుకు అప్పగించిన రోజు నుంచే మూడేళ్లు (14వ ఆర్టికల్), అంటే మే నెల నుంచి. కాబట్టి మే తేదీనే గుర్తు పెట్టుకోండి. దావాలో కూడా, అమ్మకమని తేలితే న్యాయమైన ధర ఇప్పించమని ప్రత్యామ్నాయంగా రాయించండి. పెద్దమనుషుల దగ్గర ఎన్నాళ్లు కూర్చున్నా గడువు ఆగదు. ఆయన బాధ్యతని ఒప్పుకుంటూ గడువులోగా రాసి సంతకం పెడితేనే ఆ రోజు నుంచి కొత్త లెక్క మొదలవుతుంది.

ముందు చేయవలసింది నోటీసు. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. అప్పగించిన తేదీ, 42 బస్తాలు, 80 కిలోలు, చీటీలోని మాట ఉన్నది ఉన్నట్టుగా, 60 వేల బాకీ, మీ అనుమతి లేకుండా అమ్మారన్న సంగతి, 15 రోజుల్లో సరుకు గానీ విలువ గానీ ఇమ్మన్న కోరిక, పుస్తకాలు చూపమన్న కోరిక, ఇంతవరకే రాయండి. తిట్లు, దొంగ అన్న మాట వద్దు. ఫోన్‌లో ఆయనతో జరిగిన వాట్సాప్ మాటలు చెరిపేయకండి, ఫోన్ మార్చకండి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ ఉంటే అది సులువు.

పోలీసుల దారి గురించి ఒక్క మాట. నమ్మి ఇచ్చిన సొత్తుని దురుద్దేశంతో అమ్ముకోవడం భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నేరం కూడా. కానీ అక్కడ దురుద్దేశం నిరూపించాలి, పైగా ఆ కేసు మీ డబ్బు రాబట్టి పెట్టదు, సివిల్ గడువునీ ఆపదు. మీకు వద్దనిపిస్తే వదిలేసినా సివిల్ హక్కు తగ్గదు.

ఖర్చు గురించి భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి అర్జీ పెట్టండి, లేదా 15100కి ఫోన్ చేయండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌కి పంపించమని అడగవచ్చు. చుట్టరికం నిలవాలన్న మీ కోరికకి ఆ దారే తగినది. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే సంతకానికి ముందు షరతులు గట్టిగా రాయించండి. మొత్తం ఎంత, మీ 60 వేలు అందులో పోయిందా లేదా, ఏ తేదీకి ఏ వాయిదా, ఒక్క వాయిదా తప్పినా మిగతా మొత్తం వడ్డీతో ఒకేసారి చెల్లించాలి, బ్యాంకు ఖాతాలోనే వేయాలి. ఆయన గొడౌనో, ఇల్లో అమ్మే ప్రయత్నంలో ఉన్నారని తెలిస్తే లోక్ అదాలత్ కోసం ఆగకండి. దావా వేసి, తీర్పుకి ముందే జప్తు కోరుతూ ఆర్డర్ 38 రూల్ 5 కింద దరఖాస్తు పెట్టించండి. ఏ ఆస్తిని, ఎవరికి, ఎంతకి అమ్మబోతున్నారో వివరాలు అందులో ఉండాలి, ఊరికే ‘అమ్మేస్తారేమో’ అంటే కోర్టు జప్తు ఇవ్వదు.